జొన్నల గిలక్కాయ

మా ఇంటి అటక మీద ఒక గోనెసంచి ఉండేది. అందులో ఉయ్యాల ముక్కలున్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ అంటే ముగ్గురమే: మా అమ్మ, నా భార్య, నేను. ఏడేళ్ళు ముగ్గురం ఆ సంచి కిందనే నడిచాం, దాని కిందనే కూర్చుని అన్నాలు తిన్నాం, దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఉగాదికి బూజు దులిపేటప్పుడు చీపురు ఆ మూల దాకా పోయి వెనక్కి తిరిగేది. ఆ ఉయ్యాల చేసింది నేనే. చేయొద్దన్నా చేశాను.

మాది మైదుకూరు. మాకు ఇనుప సామాన్ల అంగడి ఉంది. మేకులు, గడియలు, గొలుసులు, రంగు డబ్బాలు అమ్ముతాం. మా తాతల కాలం నుంచి త్రాసు తప్ప ఇంకో పనిముట్టు చేతబట్టని వంశం మాది. అలాంటి ఇంట్లో నాకు ఉలి పిచ్చి ఎక్కడ నుంచి పట్టుకుందని మా అమ్మ చాలాకాలం ఆలోచించింది. ఆమె వైపు వాళ్ళలో ఎవరూ లేరు, మా నాయన వైపు వాళ్ళలో అసలే లేరు. చివరికి "ఏ జన్మలోనో వడ్రంగోళ్ళకు బాకీ పడింటావు" అని తేల్చేసింది.

నిజానికి ఆ పిచ్చి మా అంగడికి మేకుల కోసం వచ్చే ఒక ముసలాయన అంటించాడు. సాయిబుల వీధిలో మంచం కోళ్ళు తిప్పడం ఆయన పని. అప్పటికే అందరూ ఇనుప మంచాలకు దిగారు కాబట్టి ఆయనకు నెలకు ఒక జత కోళ్ళ పని దొరికితే గొప్ప. ఒకసారి ఏదో సామాను ఇవ్వడానికి వాళ్ళింటికి పోయి, ఆయన పని చేస్తుంటే చూస్తూ నిలబడిపోయాను. భూమిలో పాతిన రెండు పొట్టి గుంజలు. వాటి నుంచి ఎదురెదురుగా వచ్చిన రెండు ఇనుప మొనల మధ్య ఒక కొయ్యముక్క. ఆ కొయ్యకు తాడు ఒక్క చుట్టు చుట్టి, రెండు కొసలూ పట్టుకుని ఆయన భార్య ఇటొకసారి అటొకసారి లాగుతోంది. కొయ్య గిరగిరా తిరుగుతోంది. ఆయన నేల మీద కూర్చుని, కాలి బొటనవేలితో ఉలిని ఒత్తిపట్టి, కొయ్య తన వైపు తిరిగినప్పుడు మాత్రమే ఆనిస్తున్నాడు. అటు తిరిగేటప్పుడు తీసేస్తున్నాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా వచ్చి ఆయన ఒళ్ళో పడుతోంది. పది నిమిషాల్లో వంకర కొయ్యకు నడుము వచ్చింది, మెడ వచ్చింది.

దీన్ని తరిమెన పట్టడం అంటారని తర్వాత ఎక్కడో చదివాను. మా వైపు ఆ మాట ఎవరి నోటా వినలేదు. తిప్పడం అంటారు, అంతే.

"నాకు నేర్పిస్తారా భాయ్?" అని అడిగాను.

"ఏం శెట్టీ, త్రాసు పట్టేది సాల్లేదా? కొయ్య గూడా తిప్పల్నా?" అని ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వాడు కానీ నేర్పించాడు. మోటారు పెట్టుకుంటానంటే మాత్రం ఒప్పుకోలేదు. "మన ఊర్లో కరెంటు ఉండేది ఎంతసేపప్పా? తాడు అయితే నీ ఇష్టం. ఆపల్ల అంటే ఆగుతాది" అన్నాడు.

మా ఇంటి వెనక బర్రెలు లేని బర్రెల కొట్టం ఒకటి ఉండేది. అందులో గుంజలు పాతుకున్నాను. ఉలి పట్టడానికి నేనున్నాను. తాడు లాగడానికి ఇంకో మనిషి కావాలి. నా భార్య వచ్చి కొసలు పట్టుకుంది.

ఆమెది ఆలూరు, కర్నూలు జిల్లాకు ఆ చివర. నల్లరేగడి, జొన్న, పత్తి, సగం కన్నడం కలిసిన తెలుగు. డబ్బులను దుడ్లు అంటే మా అమ్మ నవ్వేది. "మీ కడపోళ్ళు పలకరిచ్చినా కొట్లాడినట్టే ఉంటాది, నన్ను జూసి నగుతారా" అని ఆమె తిరిగి అనేది. పెళ్ళయి రెండేళ్ళయినా మాకు పిల్లలు లేరు. చుట్టాలు వచ్చినప్పుడల్లా కాఫీ తాగేలోపు ఆ ప్రశ్న వచ్చేది. అంగడి మూసే దాకా నాకు తీరిక ఉండదు, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ పని పదింటికే అయిపోతుంది. పెళ్ళాం మొగుడూ అన్న మాటే గానీ మేమిద్దరం ఒకరికొకరం పెద్దగా తెలియం. తాడు లాగడం మొదలుపెట్టాకే తెలిశాం. ఇది సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఎందుకంటే నిజం.

మధ్యాహ్నం అంగడి కట్టేసి అన్నం తిన్నాక ఒక గంట ఆ కొట్టంలో కూర్చునేవాళ్ళం. "మజ్జిగ చిలికినట్టే గదా" అని ఆమె మొదటిరోజే చేయి కుదుర్చుకుంది. నాకే ఆర్నెల్లు పట్టింది. తాడు లాగే మనిషి ఊపు, ఉలి పట్టిన మనిషి ఊపు కలవకపోతే ఉలి కొయ్యలో దిగబడుతుంది, కొయ్య ఎగిరి మొహం మీదికి వస్తుంది. నా కుడి కనుబొమ మీద గాటు అలా వచ్చిందే. ఆ రోజు ఆమె భయపడాలా, నవ్వాలా తెలియక నవ్వింది. పసుపు అద్దుతూ కూడా నవ్వుతూనే ఉంది.

మా ఎండలు మనుషులనే ఎండబెడతాయి, కొయ్యను వదులుతాయా? మొదట్లో నేను చేసిన గిన్నెలన్నీ రెండు రోజుల్లో టప్పుమని పగిలేవి. శెనక్కాయ పొట్టు నింపిన సంచిలో కొయ్యను నెలల తరబడి పూడ్చి పెట్టి, నింపాదిగా ఆరనిచ్చాక తిప్పాలని ముసలాయన నేర్పించాడు. ఆ తర్వాత నన్ను ఆపేవాడు లేకపోయాడు. పప్పుగుత్తులు, కవ్వాలు, చపాతీ కర్రలు, బొంగరాలు. కర్నూలు నుంచి తిరుపతి దాకా మా చుట్టాల ఇళ్ళలో నా పప్పుగుత్తి లేని ఇల్లు లేదు. పెళ్ళికి పోతే "వస్తాండాడు, పప్పుగుత్తి తెస్తాంటాడు" అని ముందే అనుకునేవాళ్ళట. అననీ. అంత సంతోషంగా నేను అంతకు ముందు లేను, తర్వాత లేను.

ఐదో ఏడు ఆమె నీళ్ళోసుకుంది.

మా అమ్మ ఆ రోజు నుంచి ఇంట్లో చట్టాలు పెట్టింది. కోడలు తాడు ముట్టకూడదు. కొట్టంలోకి రాకూడదు. అన్నిటికంటే పెద్దది, పుట్టబోయే బిడ్డ కోసం ఇంట్లోకి ఏ వస్తువూ రాకూడదు. ఇది మా ఇంటి చట్టం మాత్రమే కాదు, మా వైపు ఏ ఇంట్లోనైనా అంతే. చొక్కా కుట్టించరు, గిలక్కాయ కొనరు. బిడ్డ పుట్టాక కూడా మొదట పాత చీర గుడ్డలోనే చుడతారు. ఉయ్యాల అయితే పిల్లలు పెరిగిన ఇంటి నుంచి అడిగి తెచ్చుకుంటారు. నలుగురు పిల్లలు పండుకుని లేచిన ఉయ్యాల అయితే మరీ మంచిది. కొత్త ఉయ్యాల ఎంత కలిగినవాళ్ళయినా చేయించరు.

నేను ఇలాంటివి నమ్మను. అప్పుడూ నమ్మలేదు. పిల్లి ఎదురొస్తే పిల్లి దారి పిల్లిది, నా దారి నాది అనేవాణ్ణి. ఊళ్ళో ఉయ్యాలలన్నీ ఒకరి నుంచి ఒకరికి తిరిగి తిరిగి చువ్వలు ఊడి, గొలుసులు తుప్పు పట్టి ఉండేవి. ఆ గొలుసులు అమ్మేవాణ్ణి నేనే కదా, నాకు తెలియదా? నా బిడ్డను అలాంటిదాంట్లో వేస్తానా? కొయ్య తిప్పడం వచ్చిన తండ్రి ఉండి, బిడ్డకు ఇంకొకరి ఉయ్యాల అడుక్కోవాలా?

ఇంకొకటి కూడా ఉంది. రోడ్డు వెడల్పు చేస్తూ పెద్ద వేపచెట్లు కొట్టేసినప్పుడు ఒక దూలం తెచ్చి కోయించి, ఏడాది పైగా శెనక్కాయ పొట్టులో పెట్టి ఉంచాను. పగులు లేకుండా, ఎర్రగా ఆరింది. దాన్ని దేనికీ వాడబుద్ధి కాలేదు. ఏదో గొప్ప పని కోసం ఆగాను. ఇప్పుడు ఆ పని వచ్చిందనుకున్నాను.

ఏడో నెలలో గాజులు తొడిగి, ఆమెను పురుటికి ఆలూరు పంపించాం. మర్నాడే నేను ముసలాయన దగ్గరికి పోయి, ఉయ్యాల చువ్వలు తిప్పాలి, వచ్చి తాడు లాగి పెట్టమన్నాను.

ఆయన బీడీ ఆర్పేశాడు. "బిడ్డ రానీ శెట్టీ. రెండు దినాల పని అది. నేనూ వస్తా, మా ముసల్ది గూడా వస్తాది."

"మీలో కూడా ఉందా ఈ పట్టింపు?"

"మీలో, మాలో ఏముందప్పా? బిడ్డలు అందరికీ ఒకతీరుగానే పుడతారు" అన్నాడు. ఎంత అడిగినా రాలేదు.

రాకపోతే పోనీ అని పౌరుషం వచ్చింది. కొట్టం పైన ఒక వెదురు గడ అడ్డంగా కట్టాను. కింద కాలితో తొక్కే చెక్క పెట్టాను. తాడు పైన గడకు కట్టి, కొయ్యకు ఒక చుట్టు చుట్టి, కింద చెక్కకు బిగించాను. తొక్కితే కొయ్య ఇటు తిరుగుతుంది, వదిలితే వెదురు పైకి లాగుకుంటుంది కాబట్టి అటు తిరుగుతుంది. ఇంకో మనిషితో పని లేదు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఇరవై నాలుగు చువ్వలు, నాలుగు మూల కోళ్ళు ఒక్కణ్ణే తిప్పాను. ప్రతి చువ్వకు నడిమధ్యన ఒక చిన్న గుండు.

మా అమ్మ ఒకరోజు మజ్జిగ చెంబుతో కొట్టంలోకి వచ్చి, గోడకు వరసగా ఆనించిన చువ్వలను చూసింది. అవి దేనికో ఆమెకు చెప్పాల్సిన పని లేదు.

"కడుపులో ఉన్నోళ్ళకు కొలతలు తీస్తారా నాయనా?" అంది.

"నువ్వు ఊరికే భయపడతాండావు" అని నవ్వాను. ఆమె చెంబు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఉయ్యాల అయిపోయాక ఒక చిన్న ముక్క మిగిలింది. దాన్ని వదలబుద్ధి కాక గిలక్కాయ తిప్పాను. నిమ్మకాయంత గుండును రెండు చిప్పలుగా తొలిచి, లోపల జొన్నలు పోసి, అతికించి, పిడి పెట్టాను. జొన్నలు ఆలూరు నుంచి మా మామ పంపినవే. పిడి లావుకు కొలత కోసం నా చిటికెన వేలు చూసుకున్నాను. చిన్నపిల్లలు పెద్దవాళ్ళ చిటికెన వేలు పట్టుకుంటారు కదా, అంత ఉంటే సరిపోతుందని లెక్క.

దాన్ని జేబులో వేసుకుని ఆలూరు పోయాను. చూపించకుండా ఉండలేకపోయాను, నా గుణం అంత. వాళ్ళమ్మ వంటింట్లో ఉన్నప్పుడు తీసి నా భార్య చేతిలో పెట్టాను. ఉయ్యాల సంగతి కూడా చెప్పాను. తిడుతుందేమో అనుకున్నాను. ఆమె తిట్టలేదు. గిలక్కాయను కడుపు దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడించింది. ఒకసారి ఆగి, మళ్ళీ ఆడించింది. "తిరుగుతాంది, చెయ్యి పెట్టి సూడండి" అంది. చేయి పెట్టాను. నిజంగానే తిరుగుతోంది. మేం ముగ్గురం కలిసి ఉన్నది జీవితంలో ఆ ఒక్క పూటే.

"మా యమ్మకు కనబడనీయగూడదు" అని దాన్ని చీరల మడతల్లో దాచేసింది.

ఇరవై రోజులకు అంగడికి ఫోను వచ్చింది. ఆలూరులో కుదరక కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నామన్నారు. నేను బస్సు దిగి పోయేసరికి అంతా అయిపోయింది. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, అలసిపోయి ఉంది. ఆడబిడ్డ అంది. తల్లికి భయం లేదంది. బొడ్డుపేగు మెడకు రెండు చుట్లు చుట్టుకుంది, అలా అప్పుడప్పుడూ జరుగుతుంది, ఎవరి తప్పూ కాదు అంది.

చుట్లు అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. నేను నమ్మనివాణ్ణి. పిల్లి దారి పిల్లిది అనేవాణ్ణి. అక్కడ గోడ పట్టుకుని నిలబడితే నాకు కనిపించింది ఒక్కటే. కొయ్యకు తాడు చుడుతున్న నా చేయి. ఇరవై నాలుగు చువ్వలు, నాలుగు కోళ్ళు, ఒక గిలక్కాయ. ఎన్నిసార్లు చుట్టాను?

ఆసుపత్రి ఆయమ్మ వచ్చి, చుట్టడానికి పాతగుడ్డ ఇమ్మంది. నా భార్య మత్తులో ఉంది. ఆమె సంచిలో మెత్తటి పాత చీర ముక్క ఉందని వాళ్ళమ్మ చెప్పింది. బిడ్డ పుట్టగానే చుట్టడానికి తెచ్చిన ముక్కే. దాని మడతలో గిలక్కాయ ఉంది. నేను రెండూ తీసుకున్నాను.

తల్లికి చూపించకూడదన్నారు. చూస్తే మనసు నిలవదు, చూడకపోతే తొందరగా మరిచిపోతుంది అని అక్కడున్న పెద్దవాళ్ళందరిదీ ఒకటే మాట. ఎలా ఉందో కూడా ఆమెకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఏడవని బిడ్డకు పేరు లేదు, కర్మ లేదు. నేను, మా మామ హంద్రీ నది వైపు తీసుకుపోయి పూడ్చిపెట్టాం. ఆయన గుంత దగ్గర నిలబడి పంచె కొంగుతో మొహం కప్పుకున్నాడు. నేను గుడ్డ కొంచెం తొలగించి, గిలక్కాయను బిడ్డ చేతిలో పెట్టాలని చూశాను. తర్వాత పక్కన పెట్టాను. ఉప్పు పోశాం. మన్ను వేసేటప్పుడు జొన్నలు ఒకసారి కదిలాయి.

మైదుకూరు వచ్చి, హాల్లో దూలానికి ముందే వేలాడదీసి పెట్టిన ఉయ్యాలను నేనే ఊడదీశాను. అతుకులు గట్టిగా ఉన్నాయి, సుత్తితో కొట్టాల్సివచ్చింది. మా అమ్మ సంచి పట్టుకుంది. నేను తల తిప్పుకుని ఒక్కొక్క ముక్కా అందులో వేశాను.

ముసలాయన ఒకరోజు అంగడికి వచ్చాడు. ఏమీ కొనలేదు. బెంచీ మీద చాలాసేపు కూర్చుని, లేచేటప్పుడు నా భుజం మీద చేయి వేశాడు.

"ఉయ్యాల జేస్తే బిడ్డలు సావరు శెట్టీ. నాకు ఇద్దరు పోయినారు, నేను ఏం జేసినానని? బిడ్డ పోయినంక ఆ ఉయ్యాల యాడ పెట్టుకుంటావు? అందుకే ముందు జెయ్యొద్దనేది. ఇంకేం లేదు."

ఆ మాట నాకు ముందే చెప్పి ఉంటే వినేవాణ్ణా? వినేవాణ్ణి కాదు.

మూడు నెలలకు నా భార్య తిరిగి వచ్చింది. పాలు ఎండడానికి ఆమె పడిన బాధ వాళ్ళమ్మ మా అమ్మకు చెప్పింది, మా అమ్మ నాకు చెప్పింది. ఆమె మాత్రం చెప్పలేదు. వచ్చిన రెండో రోజు పడకగదిలో నేల మీద కూర్చుని, ఆసుపత్రికి తీసుకుపోయిన సంచిని తిరగేసి దులుపుతోంది. అందులో ఏమీ లేదు. మళ్ళీ చేయి పెట్టి మూలలు తడిమింది. నేను గుమ్మంలో ఉన్నాను. ఆమె ఏం వెతుకుతోందో నాకు తెలుసు. తల ఎత్తి నన్ను చూసింది. నేను అంగడి తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయాను.

ఒట్టు వేశానని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. అసలు సంగతి పిరికితనం. చెబితే మొత్తం చెప్పాలి. మొత్తం చెబితే, నువ్వు ముందే ఉయ్యాల చేశావు అని ఆమె అంటుంది. ఆ మాట ఆమె నోటి నుంచి వినలేను. అనకుండా ఆమె మనసులోనే పెట్టుకున్నా సరే, వినకుండా ఉంటే చాలనుకున్నాను.

కొట్టంలో శెనక్కాయ సంచులు వేయించాను. తాడు కోసేశాను. ఎవరైనా పప్పుగుత్తి అడిగితే, చేతులు నొప్పులని చెప్పేవాణ్ణి. మాకు మళ్ళీ బిడ్డలు కలగలేదు. మేము కొట్లాడుకోలేదు. ఉప్పు తక్కువైందనీ, పెళ్ళికి ఎప్పుడు బయలుదేరాలనీ మాట్లాడుకునేవాళ్ళం. ఇంటికి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి చక్కని సంసారం అనేవాళ్ళు.

అలా ఏడేళ్ళు. ఆ ఏడు మా వీధి చివరింట్లో ఒక కూతురికి పురుడు వచ్చింది. వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చి, ఉయ్యాలలో వేసే దినం దగ్గర పడుతోందని, ఊళ్ళో తెలిసిన ఉయ్యాలలన్నీ ఎవరో ఒకరు తీసుకుపోయారని చెప్పింది. "మీ ఇంట్లో యేపకొయ్య ఉయ్యాల ఉండాదంట గదమ్మా, మీ యబ్బాయి జేసింది" అంది పాపం. మా వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు, వాళ్ళకు మా సంగతి తెలియదు.

మా అమ్మ మొహం పాలిపోయింది. "అది వద్దులేమ్మా. బిడ్డ పండుకోని ఉయ్యాల అది. మీకు పనికిరాదు" అంది.

అప్పుడు మధ్యాహ్నం రెండు కావొస్తోంది. నేను అన్నం ముందు కూర్చున్నాను. నా భార్య నాకు మజ్జిగ పోస్తోంది. పోయడం ఆపేసింది. గిన్నె కింద పెట్టి, కొట్టం వైపు తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. నేను చేయి కడుక్కుని వెనకే పోయాను. శెనక్కాయ సంచుల మధ్య, ఆ గుంజల పక్కన నిలబడి ఉంది.

"ఆ గిలక్కాయ యాడ పారేసినారు?" అంది.

ఏడేళ్ళలో ఆ సంగతి మీద ఆమె అడిగిన మొదటి మాట అది.

"పారేయలేదు" అన్నాను.

"అబద్దం వద్దు. నేను దాన్ని సంచిలో పెట్టుకోనింటి. మీరు సూసి, కోపంతో పారేసినారు. నేను ముందే బిడ్డకు ఆడిచ్చినానని మీకు కోపం." ఆమె వంగి ఆ గుంజను పట్టుకుంది. "మా యమ్మకు గూడా జెప్పలే. దినామూ ఆడిచ్చినా. ఆడిచ్చినప్పుడల్లా తిరుగుతాండె. తిరిగి తిరిగి పేగు సుట్టుకున్యాది. నా వల్లనే గదా? మీరు అనకపోతే నాకు తెలీదా?"

సంచి మీద కూలబడ్డాను. ఏడేళ్ళు ఆమె మౌనాన్ని నా నేరంగా నేను మోశాను. నా మౌనాన్ని తన నేరంగా ఆమె మోసింది. ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా ఉండి, ఒక్క పూట నోరు విప్పి ఉంటే! నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

"పాప దగ్గరే ఉంది" అన్నాను. "నేనే పెట్టినా. నీ పాత చీర గుడ్డలో సుట్టి, పక్కన పెట్టినా."

ఆమె వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది, వెనకటికి తాడు పట్టుకుని కూర్చునే చోటే.

"ఎట్లుండె?" అంది.

చెప్పాను. ఒట్టు గిట్టు అన్నీ పక్కన పెట్టి చెప్పాను. జుట్టు నిండుగా ఉందని, నుదుటి దాకా ఉందని. ముక్కు ఆమెదే అని. గోళ్ళు పెరిగి ఉన్నాయని. నిద్రలో కసిరినట్టు కనుబొమలు ముడిచిందని. ఆమె ప్రతి మాటకూ తల ఊపుతూ, కళ్ళు తుడుచుకోకుండా విన్నది.

"పక్కన ఎందుకు పెట్టినారు? శేతిలో పెట్టకపోయినారా?"

ఇది మాత్రం నేను చెప్పకూడదనుకున్నాను. కానీ ఆ రోజు దాచడానికి నాలో ఏమీ మిగల్లేదు.

"పెట్టాలని సూసినా. వేళ్ళు సుట్టూ రాలేదు. పిడి లావైంది" అన్నాను. "నా చిటికెన వేలు కొలత పెట్టుకున్యా. అంత లావు ఉండకూడదు. నాకు తెలీలేదు."

అప్పుడు ఏడ్చాను. పూడ్చినప్పుడు ఏడవలేదు, ఉయ్యాల ఊడదీసినప్పుడు ఏడవలేదు. పిడి లావైందని ఏడ్చాను. ఆమె నా మోకాలి మీద చేయి వేసి, నా ఏడుపు తగ్గేదాకా అలాగే కూర్చుంది.

"ఎంత ఉండల్ల మళ్ళ?" అంది మెల్లగా. "శెయ్యి ఎంత ఉండె?"

బొటనవేలు, చూపుడు వేలు కలిపి సున్నా చుట్టి చూపించాను. కొంచెం పెద్దదనిపించి ఇంకా బిగించాను. ఇంత. ఇంతే.

ఆమె ముందుకు వంగి, నా వేళ్ళ మధ్య ఆ ఖాళీని చూసింది. తలుపులోంచి ఎండ పడుతోంది. ఆమె మెల్లగా తన చిటికెన వేలి కొసను అందులో పెట్టి చూసింది. పట్టలేదు. తీయలేదు. అలాగే ఆనించి ఉంచింది.

"కదిలిచ్చద్దండి" అంది.

నేను కదిలించలేదు.